సింగపూర్‌లో గది ప్రియం, భోజనం చవక: ఒకే ఊరిలో రెండు లెక్కలు ఎందుకు?

సింగపూర్ వెళ్ళొచ్చిన వాళ్ళ మాటలు వింటే ఒకరికొకరికి పొంతన ఉండదు. ఒకరు "అమ్మో, అక్కడ ఏదీ ముట్టుకోలేం" అంటారు. ఇంకొకరు "మూడు పూటలా బయటే తిన్నాం, హైదరాబాద్‌లో ఒక మోస్తరు రెస్టారెంట్‌కి వెళ్తే అయ్యేదే అయింది" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ ఊళ్ళో గది ధరను నడిపించే కారణాలు వేరు, అన్నం ధరను నడిపించే కారణాలు వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టి "ఖరీదైన ఊరు" అనుకుని బయల్దేరితే బడ్జెట్ తప్పుతుంది. గదిలో మిగలని చోట మిగుల్చుకోవాలని చూస్తాం, భోజనంలో అక్కర్లేని చోట ఖర్చు పెడతాం.

హైదరాబాద్ నుంచి నాలుగున్నర గంటల ప్రయాణం. విశాఖ నుంచి కూడా నేరుగా విమానం ఉంది. పిల్లల సెలవులకు మన వాళ్ళు పెద్ద సంఖ్యలో వెళ్ళే ఊరు కాబట్టి ఈ రెండు లెక్కలనూ విడదీసి చూడటం అవసరం. లెక్క సులువుగా ఉండటానికి ఇక్కడ ఒక సింగపూర్ డాలరును 70 రూపాయలుగా తీసుకున్నాను. "డాలరు" అని ఎక్కడ కనిపించినా అది సింగపూర్ డాలరే.

గది ఎందుకంత ప్రియం

సింగపూర్ మొత్తం విస్తీర్ణం సుమారు 735 చదరపు కిలోమీటర్లు. అందులో కొంత భాగం సముద్రాన్ని పూడ్చి కలుపుకున్నదే. దేశమంతా ఇంతే. ఇళ్ళు, ఓడరేవు, విమానాశ్రయం, సైన్యం, మంచినీటి జలాశయాలు అన్నీ ఇందులోనే సర్దుకోవాలి. నేలలో ఎక్కువ భాగం ప్రభుత్వం చేతిలో ఉంటుంది. ఏ స్థలంలో ఏం కట్టాలో పట్టణాభివృద్ధి సంస్థ ముందే నిర్ణయిస్తుంది. హోటల్‌కు కేటాయించిన స్థలాన్ని టెండర్‌లో లీజుకు తీసుకుని కట్టుకోవాలి. పక్కింటాయన స్థలం ఖాళీగా ఉంది కదా అని నాలుగంతస్తుల లాడ్జి లేపడం అక్కడ కుదరదు.

రెండో కారణం, ఇళ్ళను రోజువారీ అద్దెకు ఇవ్వడం చట్టవిరుద్ధం. ప్రైవేటు ఇళ్ళను కనీసం మూడు నెలలకు, ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్లను కనీసం ఆరు నెలలకు మాత్రమే అద్దెకివ్వాలి. 2018లో ఎయిర్‌బీఎన్‌బీ ద్వారా ఫ్లాట్లను తక్కువ రోజులకు ఇచ్చిన ఇద్దరికి కోర్టు తలా 60 వేల డాలర్ల జరిమానా వేసింది. బ్యాంకాక్‌లోనో దుబాయ్‌లోనో దొరికినట్టు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చవకగా దొరుకుతుందని వెతికే కుటుంబాలకు ఈ దారి మూసుకుపోయింది. అనుమతి ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి కానీ అవి చవక కావు. ఆన్‌లైన్‌లో ఎక్కడైనా "నాలుగు రాత్రులకు మొత్తం ఫ్లాట్" అని తక్కువ ధరకు కనిపిస్తే, అది అనుమతి లేనిది అయ్యే అవకాశమే ఎక్కువ.

ఈ నిబంధన మీద భిన్నాభిప్రాయాలున్నాయి. ఇళ్ళను పర్యాటకులకు ఇవ్వనిస్తే స్థానికులకు అద్దెలు పెరుగుతాయని, అపార్ట్‌మెంట్లలో రోజూ కొత్త మొహాలు తిరుగుతుంటే భద్రత పోతుందని ప్రభుత్వం, చాలామంది నివాసితులు అంటారు. ఖాళీ గది ఉన్న మామూలు మనుషులకు రాబడి పోతోందని, పర్యాటకుడికి ఎంపిక తగ్గుతోందని రెండో వర్గం అంటుంది. పర్యాటకుడిగా నాకు రెండో వాదన లాభమే అయినా, సొంత ఊళ్ళో ఇల్లు దొరక్క తిరిగే వాళ్ళ వైపు నుంచి చూస్తే మొదటి వాదనే బరువైనదిగా కనిపిస్తుంది.

మూడో కారణం గిరాకీ. 2024లో సింగపూర్‌కు కోటీ 65 లక్షల మంది విదేశీయులు వచ్చారు. దేశం మొత్తం మీద హోటల్ గదులు 70 వేల పైచిలుకు. 2023లో ఒక గది సగటు ధర సుమారు 280 డాలర్లు, అంటే దాదాపు 19,600 రూపాయలు. ఖరీదైన హోటళ్ళు కూడా ఈ సగటులో ఉన్నాయి కాబట్టి భయపడక్కర్లేదు. కానీ అడుగున ఉండే గదుల ధరను కూడా పైకి లాగేది ఈ గిరాకీయే.

గిరాకీ ఏడాదంతా ఒకేలా ఉండదు. తెలుగు కుటుంబాలకు ఇక్కడో ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఫార్ములా వన్ కార్ల రాత్రి పందెం 2008 నుంచి సింగపూర్ నడిబొడ్డు రోడ్ల మీదే జరుగుతోంది. తేదీలు సాధారణంగా సెప్టెంబర్ రెండో సగంలోనో అక్టోబర్ మొదట్లోనో పడతాయి. మన దసరా సెలవులూ సరిగ్గా అప్పుడే. 2025లో దసరా అక్టోబర్ 2న వస్తే పందెం 3 నుంచి 5 వరకు జరిగింది. ఆ వారంలో పందెం జరిగే మెరీనా బే చుట్టూ ఉన్న గదులే కాదు, దూరంగా ఉన్న చిన్న హోటళ్ళు కూడా రేటు పెంచేస్తాయి. వారం అటూ ఇటూ జరిగితే అదే గది మామూలు ధరకు దొరుకుతుంది.

తెర మీది ధర, బిల్లు మీది ధర

సింగపూర్‌లో ధర పక్కన "++" అని రెండు కూడికల గుర్తులు కనిపిస్తాయి. నోటితో ప్లస్ ప్లస్ అంటారు. మొదటి ప్లస్ 10 శాతం సర్వీస్ చార్జి. రెండోది జీఎస్టీ. అక్కడి జీఎస్టీ 2023 జనవరిలో 7 నుంచి 8 శాతానికి, 2024 జనవరిలో 9 శాతానికి పెరిగింది. సర్వీస్ చార్జి ప్రభుత్వ పన్ను కాదు, ఆ హోటల్ తనకు తాను వేసుకునేది. అయినా దాని మీద కూడా జీఎస్టీ పడుతుంది.

కాబట్టి 100 డాలర్లు ప్లస్ ప్లస్ అంటే 119 కాదు. 100కు 10 కలిపితే 110. ఆ 110 మీద 9 శాతం 9.90. మొత్తం 119.90 డాలర్లు. ఏ ధరనైనా ఐదో వంతు పెంచి చూసుకుంటే దాదాపు సరిపోతుంది. ధర పక్కన "నెట్" అని ఉంటే ఇవన్నీ కలిపేసినట్టు.

మామూలు దుకాణాలు జీఎస్టీ కలిపిన ధరే చూపించాలి. సర్వీస్ చార్జి వేసే హోటళ్ళకు, రెస్టారెంట్లకు మాత్రం ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. అందుకే గది బుక్ చేసేటప్పుడు, రెస్టారెంట్ మెనూ చూసేటప్పుడు మాత్రమే ఈ తికమక ఎదురవుతుంది. కొన్ని బుకింగ్ యాప్‌లు మొదటి తెర మీద పన్నులు లేని ధర చూపించి, డబ్బు కట్టే చోట పూర్తి ధర చూపిస్తాయి. రెండు హోటళ్ళను పోల్చేటప్పుడు ఒకదాని మొదటి తెర ధరను, మరోదాని చివరి తెర ధరను పక్కపక్కన పెడితే ఆ పోలికకు అర్థం లేదు. పర్యాటకులు కొన్న వస్తువుల మీద కట్టిన జీఎస్టీని విమానాశ్రయంలో వెనక్కి తీసుకోవచ్చు కదా అని కొందరు అనుకుంటారు. అది వెంట తీసుకెళ్ళే వస్తువులకే. గది అద్దెకు, తిన్న భోజనానికి వర్తించదు.

కిటికీ లేని గది ఎక్కడి నుంచి వచ్చింది

తక్కువ ధర గదుల్లో చాలావాటికి కిటికీ ఉండదు. మన వాళ్ళు గది తలుపు తీసి మోసపోయామనుకుంటారు. నిజానికి ఇది ఆ భవనాల పుట్టుకలోనే ఉంది. లిటిల్ ఇండియా, చైనాటౌన్, కంపాంగ్ గ్లామ్ ప్రాంతాల్లో కనిపించే పాత షాప్‌హౌస్‌లు ముందు సన్నగా, వెనక్కి పొడుగ్గా ఉంటాయి. రెండు పక్కలా ఇంకో ఇంటి గోడే. కింద దుకాణం, పైన కాపురం ఉండేందుకు కట్టినవి అవి. 1989 నుంచి ఈ వీధులను వారసత్వ ప్రాంతాలుగా కాపాడుతున్నారు కాబట్టి పడగొట్టి కొత్తది కట్టడానికి లేదు. అలాంటి ఇంటిని హోటల్‌గా మారిస్తే వీధి వైపు ఉన్న ఒకటి రెండు గదులకే కిటికీ దక్కుతుంది, మధ్యవన్నీ మూసిన గదులే. ఆ సంగతి గది వివరాల్లో రాసే ఉంటుంది, కాకపోతే చిన్న అక్షరాల్లో.

పొద్దున వెళ్ళి రాత్రి వచ్చే వాళ్ళకు కిటికీ లేకపోవడం పెద్ద లోటు కాదు. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబానికి మాత్రం లోటే. సింగపూర్ భూమధ్యరేఖ దగ్గర ఉంది, ఏ నెలలో వెళ్ళినా మధ్యాహ్నం ఉక్కపోత. చాలామంది మధ్యాహ్నం గదికి వచ్చి రెండు గంటలు పడుకుని సాయంత్రం మళ్ళీ బయల్దేరతారు. అలాంటి వాళ్ళు గదిలో గడిపే సమయం తాము అనుకున్నదాని కంటే ఎక్కువ.

గేలాంగ్ అనే ప్రాంతం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ధర తక్కువ నుంచి ఎక్కువకు అమర్చి చూస్తే ఎన్నో హోటళ్ళు ఆ పేరుతోనే కనిపిస్తాయి. గేలాంగ్‌లోని కొన్ని వీధుల్లో వేశ్యావృత్తి బహిరంగంగానే సాగుతుంది. అక్కడి చిన్న హోటళ్ళలో కొన్ని గంటల లెక్కన కూడా గదులిస్తాయి. పిల్లలతో అక్కడ దిగడం ఇష్టం లేని వాళ్ళు బాలెస్టియర్, లావెండర్, కటోంగ్ వైపు చూస్తారు. ఇంకో పక్షం వాదన కూడా వినదగ్గదే. గేలాంగ్‌లో నేరాల భయం పెద్దగా లేదని, అర్ధరాత్రి దాకా మంచి తిండి దొరుకుతుందని, మెట్రో దగ్గరేనని అక్కడ దిగిన వాళ్ళు చెబుతారు. ఇది ఎవరి మనసుకు వాళ్ళు తేల్చుకోవాల్సిన విషయం.

మూడు గదులు, ఒకే జంట

భార్యాభర్తలిద్దరు నాలుగు రాత్రులు ఉంటున్నారనుకుందాం. ఈ ధరలు ఏ ఒక్క హోటల్‌వీ కావు, ఆయా ప్రాంతాల్లో మామూలు రోజుల్లో కనిపించే స్థాయికి దగ్గరగా ఉదాహరణ కోసం తీసుకున్నవి.

మొదటిది లిటిల్ ఇండియాలో కిటికీ లేని చిన్న గది, 110 ప్లస్ ప్లస్. రాత్రికి 131.89 డాలర్లు, నాలుగు రాత్రులకు 527.56. ఉదయం టిఫిన్ బయట ఇద్దరికీ కలిపి 9 డాలర్లు, నాలుగు రోజులకు 36. మెట్రో ఖర్చు రోజుకు 6 చొప్పున 24. మొత్తం 587.56.

రెండోది సిటీ హాల్ దగ్గర కిటికీ ఉన్న త్రీ స్టార్ గది, 170 నెట్, ఉదయం టిఫిన్ అందులోనే. నాలుగు రాత్రులకు 680. చాలాచోట్లకు నడిచే వెళ్ళొచ్చు కాబట్టి మెట్రో ఖర్చు 12. మొత్తం 692.

మూడోది ఊరికి తూర్పున మెట్రోకు పదిహేను నిమిషాల నడక దూరంలో గది, 85 ప్లస్ ప్లస్. రాత్రికి దాదాపు 101.92, నాలుగు రాత్రులకు 407.66. టిఫిన్‌కు 36. రోజుకు ఇద్దరికీ కలిపి ఎనిమిది మెట్రో ప్రయాణాలు, ఒక్కోటి 1.80 చొప్పున నాలుగు రోజులకు 57.60. రాత్రి ఆలస్యమై రెండుసార్లు ట్యాక్సీ ఎక్కితే 36. మొత్తం 537.26.

తెర మీద చూసినప్పుడు మొదటి రెండు గదులకు తేడా రాత్రికి 60, నాలుగు రాత్రులకు 240 డాలర్లు. అన్నీ కలిపాక మిగిలిన తేడా 104 డాలర్లు, అంటే ఏడు వేల రూపాయల పైచిలుకు. ఆ డబ్బుకు కిటికీ, వెలుతురు, టిఫిన్, తిరిగే సమయం కలిసొస్తున్నాయి. మొదటిదానికీ మూడోదానికీ తెర మీది తేడా 100 డాలర్లు, అసలు తేడా 50. ఆ 50 డాలర్ల కోసం రోజూ గంటకు పైగా రైల్లో, నడకలో పోతుంది. ఒంటరిగా తిరిగే కుర్రాడికి అది లాభమే. అసలు అతను హాస్టల్‌లో 30 నుంచి 60 డాలర్లకు ఒక పడక తీసుకుంటే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. కానీ మనిషికి ఒక పడక చొప్పున కొనుక్కునే ఈ పద్ధతి నలుగురున్న కుటుంబానికి పనికిరాదు. నాలుగు పడకల ధర ఒక మంచి గదిని మించిపోవచ్చు.

ఇంకో లెక్క రాత్రుల సంఖ్యది. హైదరాబాద్ నుంచి రాత్రి బయల్దేరిన విమానం తెల్లవారుజామునో పొద్దున్నో దిగుతుంది. గది మధ్యాహ్నం రెండు మూడు గంటలకు గానీ చేతికి రాదు. దిగగానే పడుకోవాలంటే ముందు రోజు రాత్రికి కూడా అద్దె కట్టాలి. సామాను హోటల్‌లో పెట్టి తిరగడానికి వెళ్ళగలిగిన వాళ్ళకు ఆ ఒక రాత్రి ఖర్చు మిగులుతుంది. పసిపిల్లలతో వచ్చిన వాళ్ళను అలా తిరగమనడం న్యాయం కాదు.

సరిహద్దు దాటి పడుకుంటే

సింగపూర్‌కు ఉత్తరాన వంతెన లాంటి కాజ్‌వే దాటితే మలేసియాలోని జొహోర్ బాహ్రు. అక్కడ 45, 50 డాలర్లకే కిటికీ, ఈతకొలను ఉన్న గది వస్తుంది. భారతీయులకు మలేసియా 2023 డిసెంబర్ 1 నుంచి 30 రోజుల వరకు వీసా అక్కర్లేకుండా రానిస్తోంది, ఈ సడలింపును 2026 చివరి దాకా పొడిగించింది. రోజూ పగలు సింగపూర్‌లో తిరిగి రాత్రి జొహోర్‌లో పడుకుంటే సగం ఖర్చు మిగులుతుందని చాలామంది సలహా ఇస్తారు.

చిక్కు ఎక్కడుందంటే, రోజూ రెండు దేశాల ఇమిగ్రేషన్ క్యూలు దాటాలి, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ. జొహోర్ నుంచి లక్షల మంది ఉద్యోగాలకు ఈ దారినే వస్తారు. వారాంతాల్లో, సెలవుల్లో గంటల తరబడి నిలబడాల్సి వస్తుంది. ప్రతి ప్రవేశానికీ సింగపూర్ అరైవల్ కార్డు మళ్ళీ నింపాలి, అది ఉచితమే అనుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, సింగపూర్ వీసా ఎక్కువసార్లు ప్రవేశానికి పనికొచ్చేదై ఉండాలి. ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసాతో సరిహద్దు దాటితే తిరిగి రానివ్వరు. రెండు ఊళ్ళ మధ్య కొత్త రైలు మార్గాన్ని 2026 చివరను లక్ష్యంగా పెట్టుకుని కట్టడం మొదలుపెట్టారు. అది పూర్తిగా అందుబాటులోకి వచ్చాక ఈ లెక్క మారుతుంది. అప్పటిదాకా, సింగపూర్‌ను చూడటానికి నాలుగు రోజులే ఉన్నవాళ్ళు రోజూ సరిహద్దు దాటడం నాకు దండగగానే తోస్తుంది. పర్యటనలో చివరి రెండు రోజులు జొహోర్‌లో ఉండటం వేరు, అందులో అర్థముంది.

నేల అంత ప్రియమైన చోట అన్నం ఎలా చవకైంది

తినే సరుకుల్లో 90 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశం అది. కూలీ ఎక్కువ, నేల ఎక్కువ. మామూలు లెక్క ప్రకారం అన్నం కూడా గదిలాగే ప్రియం కావాలి. కాలేదంటే మధ్యలో ప్రభుత్వం నిలబడింది.

1960లలో సింగపూర్ వీధుల నిండా తోపుడు బండ్లు, గంపలు. కాలువల్లోకి చెత్త, మురుగు చేరేది, అంటురోగాలు వచ్చేవి. 1968-69లో వీధి వ్యాపారులందరినీ నమోదు చేసి లైసెన్సులిచ్చారు. 1971 నుంచి 1986 వరకు వాళ్ళను నీళ్ళు, కరెంటు, మురుగు కాలువ ఉన్న కట్టడాల్లోకి దశలవారీగా తరలించారు. అవే హాకర్ సెంటర్లు. పెద్ద షెడ్డు కింద వరుసగా చిన్న చిన్న కొట్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. ఒక్కో కొట్టు ఒకటి రెండు వంటకాలే చేస్తుంది. వీధి నుంచి వచ్చిన తొలితరం వాళ్ళకు నామమాత్రపు అద్దె పెట్టారు. తర్వాత వచ్చిన వాళ్ళు టెండర్ వేసి తీసుకోవాలి. అందులోనూ 2012 నుంచి కనీస ధర అనేది తీసేశారు, కొట్టును ఇంకొకరికి మారు అద్దెకు ఇవ్వడాన్ని నిషేధించారు. ఇప్పుడు 120 దాకా సెంటర్లు ఉన్నాయి. 2020 డిసెంబర్‌లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

కాబట్టి ఐదు డాలర్లకు దొరికే చికెన్ రైస్ వెనక ఉన్నది నాసిరకం సరుకు కాదు. నేల ధర పళ్ళెం దాకా రాకుండా కట్టిన అడ్డుగోడ ఉంది. చవక కాబట్టి బాగుండదేమోనన్న అనుమానం మన వాళ్ళలో గట్టిగా ఉంటుంది. ఈ ఊరి విషయంలో అది తలకిందులు. అదే వంటకాన్ని ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న మనిషి చేతి రుచి హాకర్ సెంటర్‌లోనే దొరుకుతుంది. మంచి రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే మిషలిన్ గైడ్ 2016లో సింగపూర్‌లో రెండు హాకర్ కొట్లకు నక్షత్రం ఇచ్చింది.

ఎక్కడ కూర్చుంటే ఎంత

హాకర్ సెంటర్‌లో ఫ్యాన్లే, ఏసీ ఉండదు. భోజనం 4 నుంచి 8 డాలర్లు. సర్వీస్ చార్జి ఉండదు, బోర్డు మీద రాసిందే ధర. హెచ్‌డీబీ ఫ్లాట్ల కింద ఉండే కాఫీ షాపుల్లోనూ దాదాపు ఇంతే. వీటిని కోపిటియాం అంటారు. మాల్‌లోని ఏసీ ఫుడ్ కోర్టులో అదే భోజనం ఒకటి రెండు డాలర్లు ఎక్కువ. టేబుల్ దగ్గరికి తెచ్చి వడ్డించే రెస్టారెంట్‌లో ప్లస్ ప్లస్ మొదలవుతుంది.

ఒక మనిషి రోజు చూద్దాం. ఉదయం రెండు ప్రాటాలు, కాఫీ కలిపి 4.50. ప్రాటా అంటే మన పరోటాయే, కూరతో ఇస్తారు. మధ్యాహ్నం భోజనం 6. చెరుకు రసమో టీనో 2. రాత్రి 7. మొత్తం 19.50 డాలర్లు, అంటే 1,365 రూపాయలు. ఇక ఒక రెస్టారెంట్‌లో రాత్రి భోజనం 25 ప్లస్ ప్లస్ అనుకుంటే ఒక్క పూటకే 29.98. ఒక రెస్టారెంట్ పూట ఒక హాకర్ రోజును మించిపోయింది. ఖర్చు మీద ఇద్దరు ప్రయాణికుల మాటలు కలవకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

హాకర్ సెంటర్లన్నీ ఒక్కటి కావు. పర్యాటకులు ఎక్కువగా వచ్చే న్యూటన్, లావ్ పా సాట్ లాంటి చోట్ల ధరలు కాస్త ఎక్కువ. లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్, చైనాటౌన్ కాంప్లెక్స్, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్ లాంటివి స్థానికులతో నిండి ఉంటాయి. వీటిలో చైనాటౌన్ కాంప్లెక్స్ అన్నిటికన్నా పెద్దది. జాగ్రత్త అవసరమయ్యేది ముఖ్యంగా పీతలు, రొయ్యల దగ్గర. వాటి ధర బరువును బట్టి ఉంటుంది, బోర్డు మీద అంకె బదులు "సీజన్ ధర" అని ఉంటుంది. 2009లో న్యూటన్‌లో ఒక పర్యాటక బృందానికి 491 డాలర్ల బిల్లు వేసి, అందులో ఎనిమిది రొయ్యలకే 239 లెక్కకట్టిన ఉదంతం పెద్ద గొడవై ఆ కొట్టును కొన్నాళ్ళు మూయించేదాకా వెళ్ళింది. వండకముందే తూకం, ధర అడగడం అక్కడ మామూలే, ఎవరూ తప్పు పట్టరు. రెస్టారెంట్లలో అడగకుండానే బల్ల మీద పెట్టే వేరుశనగలకు, తడి తువ్వాలుకు కూడా బిల్లు పడుతుంది. వద్దంటే తీసేస్తారు.

ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే అది ఎవరో ఆపుకున్న చోటు. తిన్న పళ్ళేలను తీసుకెళ్ళి నిర్ణీత చోట పెట్టాలి, 2021 సెప్టెంబర్ నుంచి హాకర్ సెంటర్లలో దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. హలాల్ పళ్ళేలకు, మిగతా వాటికి వేరు వేరు చోట్లు ఉంటాయి. కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చు, కాబట్టి సీసా నింపుకుంటే రోజుకు నాలుగైదు డాలర్లు మిగిలినట్టే. అన్ని కొట్లలోనూ విదేశీ కార్డులు తీసుకోరు, కాస్త నగదు ఉండాలి. చైనా నూతన సంవత్సరం రోజుల్లో, అంటే జనవరి చివర, ఫిబ్రవరిలో, చాలా కొట్లు మూసి ఉంటాయి.

శాకాహారులకు ఎదురయ్యే అసలు ఇబ్బంది

మాంసం తినని వాళ్ళకు కష్టమంతా కనిపించని పదార్థాలతో. కూరగాయల నూడుల్స్ అని ఇచ్చినదాని పులుసు ఎముకలతో కాచింది కావచ్చు. ఆకుకూర వేపుడులో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ ఉంటుంది. మలయ్ వంటల్లో సంబల్ అనే కారంలో ఎండు రొయ్యల ముద్ద కలుపుతారు. చార్ క్వే టియో అనే నూడుల్స్‌ను చాలాచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు. "మాంసం వద్దు" అంటే పైన వేసే ముక్కలు తీసేస్తారు, పులుసు మాత్రం అదే. వాళ్ళ ఉద్దేశం మోసం కాదు, వాళ్ళ లెక్కలో మాంసం అంటే ముక్కలే.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి లిటిల్ ఇండియా. 1924 నుంచి ఉన్న ఆనంద భవన్, 1947లో సెరంగూన్ రోడ్‌లో మొదలైన కోమల విలాస్ పూర్తి శాకాహార హోటళ్ళు. దోసె, ఇడ్లీ, అన్నం, సాంబారు, పెరుగు దొరుకుతాయి. ఆ వీధుల్లో తమిళ రుచే ఎక్కువ, ఆంధ్ర భోజనం పెట్టే చోట్లూ ఉన్నాయి. రెండో దారి మన వాళ్ళు అంతగా పట్టించుకోనిది, చైనా బౌద్ధుల శాకాహార కొట్లు. చాలా హాకర్ సెంటర్లలో కనీసం ఒకటి ఉంటుంది. అన్నం మీద మనకు నచ్చిన మూడు నాలుగు కూరలు, టోఫు వేయించుకుని నాలుగైదు డాలర్లకు తినొచ్చు. చాలావాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. సోయాతో చేసిన ముక్కలు అచ్చం మాంసంలా కనిపిస్తాయి, చూసి కంగారు పడక్కర్లేదు.

టూర్ ప్యాకేజీలు మూడు పూటలా ఉత్తరాది బఫేకు తీసుకెళ్తాయి. దాని మీదా రెండు అభిప్రాయాలున్నాయి. పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు ఏం తినాలన్న టెన్షన్ లేకపోవడం పెద్ద సుఖమే, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ ఊరి రుచి ఒక్కటీ తెలియకుండా, పూటకు హాకర్ భోజనానికి మూడు రెట్లు కట్టి తిరిగొస్తాం. ఇంటి నుంచి పచ్చళ్ళు, పొడులు తీసుకెళ్ళే వాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. భారతదేశం నుంచి మాంసంతో చేసినవేవీ సింగపూర్‌లోకి అనుమతించరు, నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి కూడా.

ఈ చవక ఎన్నాళ్ళు

నేల ధరను పళ్ళెం దాకా రానివ్వని ఆ గోడకు బీటలు కనిపిస్తున్నాయి. 2022లో టాంపినీస్‌లోని ఒక ప్రైవేటు కాఫీ షాపు నాలుగు కోట్ల డాలర్లకు పైగా పలికింది. 2024లో మెరీన్ పరేడ్‌లోని ఒక హాకర్ కొట్టుకు టెండర్‌లో నెలకు 10,158 డాలర్లు పాడారు. హాకర్ల మధ్యస్థ వయసు సుమారు 60 ఏళ్ళు. తక్కువ అద్దె దక్కిన తొలితరం తప్పుకున్నాక ఆ కొట్లు టెండర్ లెక్కలోకి వస్తాయి.

అద్దె కన్నా సరుకుల ఖర్చే ఎక్కువని, చాలా కొట్లకు అద్దె ఇంకా అందుబాటులోనే ఉందని ప్రభుత్వం అంటుంది. ధర యాభై సెంట్లు పెంచితే జనం ముఖం చిట్లిస్తారని, పద్నాలుగు గంటల చాకిరీకి ఆ రాబడి చాలదని హాకర్లు అంటారు. కొన్ని కొత్త సెంటర్లలో ప్రతి కొట్టూ ఒక చవక భోజనం పెట్టాలన్న షరతు మీదా తగాదా ఉంది. చవకగా పెట్టే భారం పేదవాళ్ళ మీద దయతో ప్రభుత్వం మోయాలా, కొట్టు నడిపే మనిషి మోయాలా అన్నది ఆ తగాదా సారం. హాకర్ల వాదనలో న్యాయం ఉందని నేననుకుంటాను. ఐదు డాలర్ల పళ్ళెం ఆరున్నర డాలర్లయినా నాలుగు రోజుల పర్యటనలో మనిషికి పడే భారం, రోజుకు రెండు పూటల లెక్కన, 12 డాలర్లు. మన బడ్జెట్‌లో అది గది అద్దె ముందు లెక్కలోకి రాదు, వండే మనిషికి మాత్రం అదే జీతం.